పుర్రచేతి పనిపిల్ల

లుబ్ల్యానాలో నవంబరు పొగమంచు
మధ్యాహ్నం రెండింటికే కిటికీలను మింగేస్తుంది.
నా పాఠానికి అదీ మంచిదే,
తెరలు వేసే పని తప్పుతుంది.

ఇరవై రెండేళ్ళుగా ఇదే గది, గోడ మీద అదే పనిపిల్ల.
సున్నపురాయి కొండల్లో ఓ చిన్న చర్చిలో
మరియమ్మ పుట్టిన రాత్రి
పసిబిడ్డ స్నానానికి నీళ్ళు వంచుతూ.
పేరు లేదు. తల చుట్టూ వెలుగు లేదు.
చెంబు ఉంది, ఎడమ చేతిలో.

ఆ ఎడమ చెయ్యి మీదే పద్నాలుగు పేజీల వ్యాసం రాశాను.
గీసినవాడిదీ పుర్రచేతి వాటమేనని వాదించాను.
ఉద్యోగం ఖాయమైంది.
చర్చికి వెళ్ళింది మాత్రం ఒక్కసారే. తాళం వేసి ఉంది,
తాళంచెవి ఉన్నాయన ఆలుగడ్డల సంతకు పోయాడు.
ఈ సంగతి వ్యాసంలో రాయలేదు.

స్లయిడ్ల కాలంలో ఆమె బొటనవేలంత.
డబ్బాలోంచి తీసి, దుమ్ము ఊది, దీపం ముందు పెడితే
గోడంత అయ్యేది, మసకమసగ్గా.
తర్వాత స్లయిడ్లన్నీ స్కానరు కింద పడుకుని లేచాయి.
ఇప్పుడు ఆర్కైవులో మూడు లక్షల బొమ్మలు.
రెండు వేళ్ళతో తెరలాగితే
ఆమె కనురెప్ప దాకా వెళ్ళొచ్చు,
రెప్పకు అంటుకుపోయిన కుంచె వెంట్రుక దాకా.
నేనెప్పుడూ వెళ్ళలేదు.
తెలిసిన ముఖాన్ని ఎవరు మళ్ళీ చూస్తారు?

తింకార వెళ్ళింది.
మూడో బల్ల, చివరి కుర్చీ. నోట్సు రాస్తే
అరచేతి అంచుకు సిరా పూసుకునే పిల్ల.
"బొమ్మలో నాలాంటిదాన్ని ఇప్పుడే చూశాను"
అంది మొదటి వారంలోనే.
ఒక రాత్రి ఆ బొమ్మను పెద్దది చేసుకుంటూ, చేసుకుంటూ కూర్చుందట.
పనిపిల్ల గౌను మడతల కింద
ఎవరో యాత్రికుడు మేకుతో గీకిన గీతలు,
ఏ భాషవో తెలియని అక్షరాలు.
పళ్ళు తోముకోడానికి లేచినప్పుడు
ఫోను చేతిలోనే ఉంది.
అద్దంలో గీతలు అంకెలయ్యాయి.
1583.

మర్నాడు నా బల్ల మీద ఫోను పెట్టింది,
దొరికిన పర్సు అప్పగించినట్టు.
వియన్నా ఆర్కైవులో ఇంకో బొమ్మ వెతికి తెచ్చింది:
గాజు పలక, అంచు పగిలింది, నలుపూ తెలుపూ.
అదే పిల్ల, అదే చెంబు, కుడి చేత్తో.
ఎవరో ఎప్పుడో మా స్లయిడును తిరగేసి చట్రంలో బిగించారు.
అంతే.

పద్నాలుగు పేజీలు. ఇరవై రెండు బ్యాచీలు.
నాకు ముందు నవ్వొచ్చింది.
తింకారకు రాలేదు.
"ఉన్న ఒక్కదాన్నీ నేనే పోగొట్టుకున్నాను" అంది.
ఏమనాలో తెలియక కాఫీ పోశాను,
పోస్తూ నా చేతిని చూసుకున్నాను.

ఆర్కైవుకు ఇద్దరం కలిసి ఉత్తరం రాశాం.
గొరాజ్ద్ అనే ఆయన రెండ్రోజుల్లో జవాబిచ్చాడు:
"సరిచేశాం. ఇలాంటివి ఇంకెన్నున్నాయో మాకూ తెలీదు."
శుక్రవారం పేజీ తెరిస్తే
అన్నమ్మ మంచం అటు పోయింది, తలుపు ఇటు వచ్చింది.
ఏళ్ళ తరబడి కాపురమున్న ఇంట్లోనే
చీకట్లో గోడ గుద్దుకున్నట్టయింది.
బొమ్మ కింద కొత్తగా ఒక వరుస:
దిశ సవరణ, తింకార హ్రిబర్, విద్యార్థిని.

ఏప్రిల్లో బస్సు మాట్లాడుకుని చర్చికి పోయాం.
తాళంచెవాయనకు ముందే ఫోను చేశాను.
తలుపు వెనక, చెమ్మలో, అనుకున్నదాంట్లో సగం కూడా లేదు బొమ్మ.
పిల్లలు టార్చీలు పట్టారు.
తింకార ఆ మేకు గీతల ముందు వంగి
గాలిలో చెయ్యి కదిపింది,
గీకినవాడి చెయ్యి ఎటు నడిచిందో చూడ్డానికి.
చాలాసేపు.

"ఇవి కుడి నుంచి ఎడమకు లాగినవి మేడమ్.
మేకు ఎక్కడ లోతుగా దిగిందో చూడండి."

చూశాను.
అవునో కాదో నాకు తెలియలేదు.
ఈసారి వ్యాసం నేను రాయను.